ఆ బొమ్మ చూపించి తప్పు చేశానా?

#1 తెల్లసుద్ద
ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతాను. నిన్న బానిసల వ్యాపారం పాఠం. బ్రూక్స్ అనే ఓడ బొమ్మ ప్రొజెక్టర్ మీద వేశాను. మీలో చాలామంది చూసే ఉంటారు. ఫొటో కాదు, నల్లగీతల బొమ్మ. ఓడ పైకప్పు తీసేసి లోపలికి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. లోపల చీమల బారుల్లా మనుషులు, ఒకరి భుజానికి ఒకరి భుజం ఆనించి పడుకోబెట్టి. రక్తం లేదు, కొరడా లేదు, ఒక్క మొహమూ విడిగా తెలియదు. అందుకే పిల్లలకి ఇబ్బంది ఉండదనుకున్నాను.

తర్వాతి స్లైడ్‌కి వెళ్ళగానే మూడో వరసలో ఒకమ్మాయి బోరుమంది. వెక్కిళ్ళు ఆగలేదు. నీళ్ళు తాగించి బయట కూర్చోబెట్టాల్సి వచ్చింది. సాయంత్రం వాళ్ళ నాన్నగారు వచ్చారు. "పిల్లలకి ఇలాంటివి చూపించాల్సిన అవసరం ఏముందండీ, పుస్తకంలో ఉన్నది చెబితే చాలదా" అన్నారు. గట్టిగా అరిచినా బాగుండేది, ఆయన మెల్లగా అడిగారు. హెడ్‌మాస్టర్ గారు ఆ స్లైడ్ తీసేయమన్నారు.

వచ్చే వారం తొమ్మిదో తరగతికి నాజీల నిర్బంధ శిబిరాల పాఠం ఉంది. ఆ ఫొటోల ముందు ఈ ఓడ బొమ్మ ఏపాటిది? రాత్రంతా కంటిమీద కునుకు లేదు. నేను చేసింది తప్పా?

#2 రెండోబెంచి
తప్పు కాదు. ఆ బొమ్మ చూసి క్లాసులో ఒక్కరికీ ఏమీ అనిపించకపోతే అప్పుడు దిగులు పడాలి.

#3 ఎక్స్‌విలువ
#2, అంత తేలిగ్గా తేల్చేయకండి. ఏడిస్తే పాఠం తలకెక్కినట్టేనా? ఆ అమ్మాయికి నిన్నటి పాఠంలో ఏం గుర్తుంటుంది? తను అందరి ముందూ ఏడ్చింది అన్నదే గుర్తుంటుంది.

#4 క్లోరోఫిల్
మేడమ్, రెండు సంగతులు చెప్పండి. బొమ్మ ఎంతసేపు ఉంచారు? వేసేముందు పిల్లలకి ఏం చెప్పారు?

#5 తెల్లసుద్ద
నలభై సెకన్లు ఉంటుందేమో. ముందు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. బొమ్మ వేసి దాని మీదే తేదీలు చెప్పుకుంటూ పోయాను. 1788 చివర్లో ప్లిమత్‌లో మొదట అచ్చయింది, 1789లో ఆ వ్యాపారాన్ని వ్యతిరేకించే లండన్ కమిటీ ఇంకా వివరంగా వేయించింది, 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది, ఇలా. పీరియడ్ అయిపోవస్తోంది, ఇంకా ఆరు స్లైడ్లున్నాయి.

#6 బొమ్మలమాస్టారు
బొమ్మ చూపించడంలో తప్పు లేదమ్మా. బొమ్మ మీద మాట్లాడారు చూశారా, అక్కడ జారింది. నేను ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పాను. మొదట్లో నేనూ అంతే, బొమ్మ పెట్టీపెట్టకముందే వివరణ మొదలెట్టేవాణ్ణి. పిల్లలు బొమ్మని వదిలేసి నా నోటివైపు చూసేవాళ్ళు.

పికాసో వేసిన గెర్నికా బొమ్మ గురించి చెప్పినప్పటి సంగతి ఒకటి రాస్తాను. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా అనే ఊరి మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ తర్వాత కొన్ని వారాల్లోనే పికాసో ఆ బొమ్మ పూర్తిచేశాడు. మా పుస్తకంలో అది అరచేతిలో పట్టేంత. అసలుది దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల 77 సెంటీమీటర్ల పొడవు. ఆ కొలతకి బడి గోడ మీద సుద్దతో చట్రం గీయించాను. టేపు పిల్లలే పట్టుకున్నారు. పై గీత కోసం ఒకణ్ణి బల్ల మీదకి ఎక్కించాం. గీయడం అయ్యాక అందరినీ ఆ ఖాళీ చట్రం ముందు నిలబెట్టి, చేతికి చిన్న బొమ్మ ఇచ్చి, "ఐదు నిమిషాలు ఎవరూ నోరు మెదపకూడదు, నేను కూడా మెదపను" అన్నాను.

మూడో నిమిషంలో ఒకడు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, బాంబు ఏది?"

అందరూ వెతికారు. లేదు. విమానమూ లేదు. గుర్రం ఉంది, ఎద్దు ఉంది, చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఉంది, విరిగిన కత్తి ఉంది, పైన ఒక దీపం. "మరి ఆ తల్లి మొహం పైకెత్తి ఎవరిని చూసి అరుస్తోంది?" అన్నాడు ఇంకొకడు. ఇక నేను చెప్పడానికి పెద్దగా ఏం మిగల్లేదు. బాంబు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు వేశారో, వాళ్ళే అడిగి తెలుసుకున్నారు.

2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగ మంత్రి ఇరాక్ గురించి మాట్లాడిన రోజు, భద్రతా మండలి గది బయట గోడకున్న గెర్నికా నేత ప్రతి మీద నీలం తెర కప్పారు. యుద్ధం మాట్లాడబోతుంటే వెనక ఆ బొమ్మ ఉండకూడదనిపించే బలం దానికి ఉంది. అంత బలమున్న దాన్ని మనం నలభై సెకన్లు చూపించి, తేదీలతో కప్పేస్తున్నాం.

#7 రెండోబెంచి
మాస్టారూ, "బాంబు ఏది" అన్నవాడు ఇప్పుడేం చేస్తున్నాడో?

#8 బొమ్మలమాస్టారు
టీచరయ్యాడు. లెక్కలు చెబుతాడు. అది ఒక్కటే నా బాధ :)

#9 ఎక్స్‌విలువ
లెక్కల టీచర్లందరి తరఫునా ఒప్పుకుంటున్నాను మాస్టారూ, మీ దగ్గర చదువుకున్నవాడైతే మంచి ప్రశ్నలే అడుగుతాడు.

కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. బొమ్మ మనసులో నాటుకుంటుంది, నిజమే. 1973లో లయనెల్ స్టాండింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొద్దిమందికి కొన్ని రోజులపాటు పదివేల బొమ్మలు చూపించాడు. రెండు రోజుల తర్వాత చూసినదాన్నీ చూడనిదాన్నీ పక్కపక్కన పెట్టి అడిగితే నూటికి 83 సరిగ్గా గుర్తుపట్టారు. మాటలకి ఆ శక్తి లేదు. అయితే గుర్తుపట్టడం వేరు, అర్థం కావడం వేరు.

1998లో హార్ప్, మేయర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం చూడండి. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠానికి, పిడుగు పడ్డ మనుషుల గురించిన ఆసక్తికరమైన ముచ్చట్లూ బొమ్మలూ జోడించారు. ఆ పాఠం చదివినవాళ్ళకి అసలు సంగతి, అంటే మెరుపు పుట్టే వరస, తక్కువ గుర్తుంది. ఆ ముచ్చట్లూ బొమ్మలూ చదివేవాళ్ళ ఆలోచనని అసలు సంగతి నుంచి పక్కకి మళ్ళించాయి.

మా ఇంట్లోనే చూశాను. మా అబ్బాయి ఒక కరువు గురించి చదివాడు. ఎముకల గూడులా ఉన్న పిల్లవాడి ఫొటో వాడికి మూడేళ్ళ తర్వాత కూడా అణువణువూ గుర్తుంది. "ఆ కరువు ఎందుకొచ్చిందిరా" అంటే "వాన పడలేదు" అన్నాడు. ధాన్యం ఉండి కూడా కొనే స్తోమత లేక జనం చచ్చిపోయారన్నది ఆ పాఠం మొత్తం. ఆ ఫొటో వాడికి జాలి నేర్పింది, కారణం మింగేసింది.

#10 క్లోరోఫిల్
ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట. జాలితో ఆగిపోతే పిల్లలు ఆ మనుషుల్ని ఎప్పటికీ జాలిపడాల్సిన వాళ్ళుగానే చూస్తారు.

#11 పాతఅట్లాసు
ఎక్స్‌విలువ గారూ, మీరు బొమ్మ అంటే ఫొటో అనే అనుకుంటున్నారు. కారణాన్నీ బాధనీ ఒకే బొమ్మలో పట్టినవి ఉన్నాయి. 1854లో లండన్ సోహోలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు గీయించిన పటం చూడండి. చావు జరిగిన ప్రతి ఇంటి దగ్గరా చిన్న నల్లగీత. ఇద్దరు పోతే రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి. ఆ గీతలు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుట్టలుగా పడి ఉంటాయి.

నేను పంపుల గుర్తులు చెరిపేసి ఆ పటం ఇస్తాను. ఏం జరిగిందో చెప్పను. "ఈ గీతలేంటి" అని అడుగుతారు. "ఒక్కో గీతా ఒక మనిషి" అంటాను, అంతే. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఎక్కడ ఎక్కువున్నాయో వెతికి, "ఇక్కడేదో ఉంది సర్" అంటారు. ఆ "ఏదో" ఉన్నచోట వేలు పెట్టేవరకూ నేను నోరెత్తను. అక్కడ బాధే వాళ్ళని కారణం దగ్గరికి తీసుకెళ్ళింది. లెక్కల బొమ్మే కదా ఇది?

#12 ఎక్స్‌విలువ
పాతఅట్లాసు గారూ, దెబ్బ సరిగ్గా తగిలింది. నా దగ్గరా అలాంటిది ఒకటి ఉంది, నిజాయితీగా చెబుతున్నాను. రష్యా మీదకి వెళ్ళిన నెపోలియన్ సైన్యం గురించి మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1869లో గీసిన పటం. ఒక మిల్లీమీటరు వెడల్పుకి పదివేలమంది సైనికులు. పోలండ్ సరిహద్దులో 4,22,000 మందితో లావుపాటి పట్టీ మొదలవుతుంది, మాస్కో చేరేసరికి లక్షకి తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పటికి పదివేలు, దారప్పోగు.

నిష్పత్తులు నేర్పడానికి వాడాను. ఒక పిల్లాడు చివరి గీత చూసి "సర్, ఇక్కడికి వచ్చేసరికి సిరా అయిపోయిందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను స్కేలు ఇచ్చి కొలవమన్నాను. బెరెజినా నది దాటే చోట గీత ఒక్కసారిగా తెగినట్టు సన్నబడుతుంది, యాభైవేలు కాస్తా ఇరవై ఎనిమిదివేలు అవుతుంది. వాడు అక్కడ కొలిచి, తీసేసి, మళ్ళీ కొలిచి, స్కేలు కింద పెట్టేశాడు. ఆ తర్వాత వాడు నవ్వలేదు. ఆ రోజు వాడి మొహం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఇది రాస్తుంటేనే తెలుస్తోంది, నేను వాదించిన దానికి నా క్లాసే ఎదురు సాక్ష్యం.

#13 రెండోబెంచి
ఎక్స్ విలువ మారింది అన్నమాట.

#14 ఎక్స్‌విలువ
సగమే. మిగతా సగం ఇంకా సాధించాలి.

#15 బున్‌సెన్
కెమిస్ట్రీ వైపు నుంచి ఒక మాట. మీరంతా ఏడిపించే బొమ్మల గురించి మాట్లాడుతున్నారు. ఎవర్నీ ఏడిపించకుండానే జీవితాంతం పట్టుకు వేలాడే బొమ్మలు ఉన్నాయి. పరమాణువు అనగానే మీ కళ్ళముందు ఏం వచ్చింది? మధ్యలో బంతి, చుట్టూ సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే ఎలక్ట్రాన్లు. 1911లో రూథర్‌ఫర్డ్, 1913లో బోర్ ఇచ్చిన ఊహ అది. పదిహేనేళ్ళు తిరక్కుండానే శాస్త్రం దాన్ని దాటి వెళ్ళిపోయింది. బొమ్మ మాత్రం కదల్లేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చిహ్నంలో ఈ రోజుకీ అదే. ఇంటర్ పిల్లలకి ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువున్న చోటు, చెప్పడానికి నేను మూడు వారాలు తిప్పలు పడతాను. అన్నీ రాస్తారు, పరీక్షలో మార్కులూ వస్తాయి. ఆర్నెల్ల తర్వాత "పరమాణువు గీయి" అంటే మళ్ళీ ఆ గ్రహాలే. అది చూడ్డానికి అందంగా ఉంటుంది, ఒక్క చూపులో అర్థమైనట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడంతోనే వచ్చింది చిక్కంతా.

#16 క్లోరోఫిల్
నాదీ అదే గోడు. కోతి నుంచి మనిషి దాకా వరసగా నడిచే బొమ్మ, 1965లో వచ్చినది. పరిణామం అంటే మెట్లెక్కడం అని ఆ ఒక్క బొమ్మ ఎన్ని తలల్లో ముద్రవేసిందో. కొమ్మలు కొమ్మలుగా చీలిన చెట్టు గీస్తాను, చూసి తల ఊపుతారు, "మరైతే ఇప్పుడున్న కోతులు ఎప్పుడు మనుషులవుతాయి మేడమ్" అని అడుగుతారు. ఇప్పుడు నేను ఆ పాత బొమ్మనే ముందు ఇచ్చి, ఇందులో తప్పేంటో పట్టుకోమంటున్నాను. దాచిపెడితే లాభం లేదు, బయట ఎక్కడో చూసేస్తారు.

#17 పాతఅట్లాసు
మెర్కేటర్ వేసిన ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకి సాటిగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. 1569లో ఓడలవాళ్ళకి దిక్కు తప్పకుండా ఉండటం కోసం వేసిన పటం అది. గోడకి తగిలించాక అది దేశాల గొప్పకి కొలబద్ద అయిపోయింది. బున్‌సెన్ గారి గ్రహాల బొమ్మలాగే, ఎవరూ ఏడవలేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

#18 గోడపత్రిక
తెల్లసుద్ద మేడమ్, స్లైడ్ వద్దంటే ఇంకో దారి ఉంది. ఆ ఓడలో ఒక్కో మగమనిషికి కేటాయించిన చోటు ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. నేలమీద సుద్దతో ఆ కొలత గీసి పిల్లల్ని ఒక్కొక్కరినీ పడుకోమనండి. ఒంటికి తెలిసింది మర్చిపోరు.

#19 నెమ్మదిగా
దయచేసి ఆ పని చేయకండి. నేను బడిలో కౌన్సెలింగ్ చేస్తాను. ఐదు నిమిషాలు గీతల మధ్య పడుకుని లేచిన పిల్లవాడు "ఓహో ఇంతేనా" అనుకుంటాడు, లేదా నవ్వులాట అవుతుంది. లోపల ఏదైనా దెబ్బ మోస్తున్న పిల్ల అయితే ఊపిరాడక పోవచ్చు. రెండూ తప్పే. అమెరికాలోని హోలోకాస్ట్ మ్యూజియం టీచర్లకిచ్చిన సూచనల్లో ఇలాంటి అనుకరణ ఆటలు వద్దనే ఉంది.

తొమ్మిదో తరగతి పాఠానికి నా మాట: శవాల గుట్టల ఫొటోలు పక్కన పెట్టండి. వాటితో క్లాసు నిశ్శబ్దమవుతుంది, ఆ నిశ్శబ్దం చూసి మనకి పాఠం బాగా జరిగిందనిపిస్తుంది. ఆ మనుషులు తమని ఎలా చూడాలని కోరుకునేవారో ఒక్కసారి అనుకోండి. నాజీల శిబిరం ఉన్న ఆష్విట్జ్‌లోని మ్యూజియంలో వేల సూట్‌కేసులున్నాయి. చాలావాటి మీద వాటి సొంతదారులు పెద్ద పెద్ద తెల్లక్షరాలతో పేరు రాసుకున్నారు. తిరిగి తీసుకోవచ్చనే కదా పేరు రాస్తారు? ఒక్క సూట్‌కేసు ఫొటో చాలు.

ఇంకా కొన్ని: పిల్లలకి ముందే చెప్పండి, వద్దనుకున్నవాళ్ళు తల దించుకోవచ్చు, బయటికి వెళ్ళొచ్చు, ఎవరూ కారణం అడగకూడదు. పీరియడ్ చివర్లో అస్సలు పెట్టకండి. గంట కొట్టాక ఆ పిల్ల ఆ బొమ్మని ఒంటరిగా ఇంటికి మోసుకెళ్తుంది.

#20 గోడపత్రిక
సరే, వెనక్కి తీసుకుంటున్నాను. ఒంటికి తెలియాలనే ఆత్రంలో అది ఆలోచించలేదు. కొలత మాత్రం గీయొచ్చా? ఎవరూ పడుకోకుండా, ఖాళీగా?

#21 నెమ్మదిగా
ఖాళీగా అయితే అభ్యంతరం లేదు. బొమ్మలమాస్టారి చట్రం లాగా.

#22 బ్రెయిలీచుక్క
నేను చెప్పేది కాస్త పక్కదారి అనిపించొచ్చు, కానీ ఇది నాకు చూడటం నేర్పిన సంగతి.

నా క్లాసులో చూపు లేని అబ్బాయి ఉండేవాడు. బాలకార్మికుల పాఠానికి లూయిస్ హైన్ ఫొటో ఒకటి తీసుకెళ్ళాను. హైన్ కూడా మొదట బడిపంతులే, తర్వాత ఆ ఉద్యోగం వదిలి గనులూ మిల్లులూ తిరిగి పిల్లల ఫొటోలు తీశాడు. ఇది 1908లో నార్త్ కెరొలైనాలోని ఒక నూలు మిల్లులో తీసింది. పొడుగ్గా యంత్రాల వరస, పక్కన కిటికీలు, మధ్యలో ఒక చిన్నపిల్ల. వయసు 11 అని చెప్పిందనీ, ఏడాది పైనుంచి పనిచేస్తోందనీ హైన్ రాసుకున్నాడు.

అందరూ చూశారు, అయ్యో అన్నారు. ఆ అబ్బాయి కోసం నేను వివరించడం మొదలుపెట్టాను. "యంత్రాలున్నాయి, ఒక పాప నిలబడి ఉంది" అన్నాను. "ఎటు చూస్తోంది సర్?" అన్నాడు. అంతవరకూ నేను అది గమనించనే లేదు. చూశాను. "కిటికీ వైపు." "కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?" చూసేవాళ్ళందరూ ఫొటో మీదకి వంగారు. ఏమీ కనిపించదు, వట్టి తెల్లటి వెలుతురు. అదే చెప్పాను.

కాసేపాగి, "అయితే ఆ పాపకి కనిపించేది మీకు కూడా కనిపించదన్నమాట" అన్నాడు.

అప్పట్నుంచి చూపున్న పిల్లల క్లాసులో కూడా బొమ్మ వేశాక ఒకరు కళ్ళు మూసుకుంటారు, పక్కవాళ్ళు వాళ్ళకి చెప్పాలి. చెప్పడం మొదలెడితే తప్ప చూడలేదని తెలియదు.

#23 బొమ్మలమాస్టారు
బ్రెయిలీచుక్క గారూ, ఈ ఒక్క పోస్టు అచ్చు తీసి దాచుకుంటున్నాను.

#24 రాత్రిబడి
పెద్దవాళ్ళకి చదువు చెప్పేవాళ్ళం బొమ్మతోనే మొదలుపెడతాం. 1963లో బ్రెజిల్‌లోని అంగికోస్‌లో పౌలో ఫ్రేయిరీ 300 మంది కూలీలకి అక్షరాలు నేర్పినప్పుడు, అక్షరం కన్నా ముందు వాళ్ళ బతుకులోని ఒక దృశ్యం బొమ్మగా పెట్టి మాట్లాడించేవాడు. మాట్లాడటం అయ్యాకే మాట, మాట తర్వాత అక్షరం.

నేను తలమీద మూటతో నడిచే మనిషి బొమ్మ పెట్టాను. "మనిషి" అనే మాట నేర్పుదామని నా ఉద్దేశం. ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "మూట ఎవరిదో గీయలేదేంటి?" అంది. ఇక ఆ రాత్రి గంటన్నర మాటలే మాటలు. ఎవరి మూటలు ఎవరు మోశారో. చివరికి ఆవిడ రాసిన మొదటి మాట "ఎవరిది". నా ప్రణాళికలో ఆ మాట ఎక్కడో నలభయ్యో పాఠంలో ఉంది.

#25 చుక్కలలెక్క
అన్నీ బరువైనవేనా? ఒక తేలికైనది నాది. 1990 ఫిబ్రవరి 14న వోయేజర్ 1 అనే వ్యోమనౌక దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి భూమిని తీసిన ఫొటో. అందులో భూమి ఒక పిక్సెల్ కూడా ఉండదు. ఐదో తరగతికి వేసి, "మనం ఇందులో ఉన్నాం, వెతకండి" అన్నాను. ముందు బెంచి పిల్ల లేచి వచ్చి, "ముందు ఈ దుమ్ము తుడుస్తాను ఉండండి టీచర్" అని చేతిరుమాలుతో తెర తుడిచింది. ఆ చుక్క పోలేదు. మళ్ళీ గట్టిగా తుడిచింది. అప్పుడు అర్థమై, రుమాలు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూసింది. "మనల్ని తుడిచేయబోయాను" అంది.

#26 రెండోబెంచి
ఐదో తరగతి పిల్ల!!

#27 మూడోకిటికీ
ఓడ బొమ్మ దగ్గరికే వస్తాను. దాని బలం అందరూ చెప్పారు, లోటు కూడా చెప్పాలి. అందులో మనుషులందరూ ఒకేలా ఉంటారు. పేరు లేదు, మాట లేదు, ఎదురు తిరగడం లేదు. పేర్చిన సరుకులా ఉంటారు. ఓడ యజమాని కళ్ళకి ఎలా కనిపించారో అలాగే. అది చూపించడం కోసమే వేశారు, సరే. కానీ పిల్లల మనసులో బానిస అంటే ఆ పడుకున్న నల్లగీతే మిగిలిపోతే?

అదే 1789లో ఒలౌడా ఈక్వియానో తన జీవితకథ తానే రాసి అచ్చువేయించుకున్నాడు. బానిసగా అమ్ముడుపోయి, తర్వాత డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛ తానే కొనుక్కున్న మనిషి. పుస్తకం మొదట్లో ఆయన బొమ్మ ఉంటుంది, మంచి కోటు వేసుకుని, చేతిలో తెరిచిన బైబిల్, చూపు నేరుగా మనవైపు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. ఒకే సంవత్సరం, ఒకే నగరం. మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

#28 నెమ్మదిగా
#27, చాలా అవసరమైన మాట. అప్పుడు పిల్లలు మోసుకెళ్ళేది ఒక్క బరువే కాదు, ఒక మనిషిని కూడా.

#29 తెల్లసుద్ద
రెండు రోజులు ఇటు రాలేదు. అన్నీ ఇప్పుడే కూర్చుని చదివాను. మీకందరికీ ఒకటి చెప్పాలి.

నిన్న భోజనాల వేళ ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఏం జరిగిందో నేను తనని ఒక్క మాటా అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది. "ఆ రోజు భయమేసిందా అమ్మా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మరి?" చాలాసేపు గోరు గిల్లుకుంటూ కూర్చుంది.

"లెక్కపెడుతున్నా మేడమ్. అరవైమూడు దాకా వచ్చా. మీరు స్లైడ్ మార్చేశారు."

నాకేం మాట్లాడాలో తోచలేదు. తనే మళ్ళీ అంది. "మిగతావాళ్ళు అలాగే ఉండిపోయారు."

నేను తేదీలు చెబుతూ ఉన్నంతసేపూ ఆ పిల్ల ఒక్కొక్కరినీ లెక్కపెడుతోంది. బొమ్మ చూపించినందుకు ఏడ్చిందని మనమందరం అనుకున్నాం. తీసేసినందుకు ఏడ్చింది.

#30 ఎక్స్‌విలువ
దీని తర్వాత నేను వాదించడానికేమీ లేదు మేడమ్. ఆ అమ్మాయికి నా నమస్కారం చెప్పండి.

#31 బొమ్మలమాస్టారు
అరవైమూడు.

#32 క్లోరోఫిల్
వాళ్ళ నాన్నగారికి తెలుసా ఈ సంగతి?

#33 తెల్లసుద్ద
ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట రాలేదు ఆయనకి. "ఇంట్లో మాకు చెప్పలేదండీ, చెడ్డ బొమ్మేదో చూపించారనే అనుకున్నాం" అన్నారు. హెడ్‌మాస్టర్ గారితో కూడా మాట్లాడాను. ముందుగా పెద్దవాళ్ళకి ఒక చీటీ పంపి, నెమ్మదిగా గారు చెప్పినట్టు వద్దనుకునే పిల్లలకి వీలిస్తే సరే అన్నారు. ప్రొజెక్టర్ వద్దనుకున్నాను. ఆ బొమ్మని నాలుగు చార్టులంత పెద్దగా అచ్చు తీయించి వెనక గోడకి అంటిస్తాను. పక్కనే ఈక్వియానో. స్లైడ్ కాదు కాబట్టి మారదు. ఎవరికి ఎంతసేపు కావాలంటే అంతసేపు.

#34 ఎక్స్‌విలువ
లెక్కపెడతారు కాబట్టి ఒక సంగతి. ఆ బొమ్మ గీసింది 1788 చట్టం వచ్చాక. ఆ చట్టం ప్రకారం బ్రూక్స్ ఓడకి 454 మంది దాకా అనుమతి. చట్టానికి ముందు ఒక ప్రయాణంలో అదే ఓడ 609 మందిని మోసింది. అంటే పిల్లలు చూసేది మెరుగుపడ్డాక ఉన్న ఇరుకు. ఇంకో 155 మందిని ఎక్కడ పెట్టారో ఆ బొమ్మలో చోటు వెతకమనాలి.

#35 పాతఅట్లాసు
చెప్పండి కానీ వాళ్ళ లెక్క పూర్తయ్యాకే. ముందే అంకె చెప్పేస్తే లెక్కపెట్టడం మానేస్తారు.

#36 ఎక్స్‌విలువ
అవును. తర్వాతే.

#37 తెల్లసుద్ద
ఇవాళ అంటించాను. చీటీ పంపితే ఒక్కరే వద్దన్నారు, ఆ అబ్బాయి లైబ్రరీలో కూర్చున్నాడు. మొదటి పది నిమిషాలు నేను ఏమీ మాట్లాడలేదు. ఎంత కష్టమో మాస్టారూ అది, నోటిదాకా వచ్చిన తేదీలు మింగుకోవడం. ఈక్వియానో దగ్గర ఆగిన ఇద్దరు "ఈయన కూడా ఇందులో ఉన్నారా?" అని ఓడ చూపించి అడిగారు. ఈ ఓడ కాదు, ఇలాంటిదే ఇంకోటి అన్నాను. అప్పట్నుంచి వాళ్ళు ఓడ బొమ్మని ఇంకా దగ్గరికెళ్ళి చూస్తున్నారు, ప్రతి తలనీ విడివిడిగా.

#38 బ్రెయిలీచుక్క
ఆ అమ్మాయి?

#39 ఎక్స్‌విలువ
ఎంత వచ్చింది లెక్క?

#40 తెల్లసుద్ద
ఇంకా కాలేదు. అరవైమూడు దగ్గర్నుంచి కాదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇంకో నలుగురు కలిశారు. మధ్యలో ఇద్దరి లెక్కలు కలవక గొడవపడ్డారు. తప్పిపోకుండా ఒకడు ఒక్కో మనిషి మీద పెన్సిల్‌తో టిక్కు పెడదామన్నాడు. ఆ అమ్మాయి పెట్టనివ్వలేదు. "మనుషుల మీద గీతలు పెట్టకు" అంది. వేలితోనే లెక్కపెడుతున్నారు. గంట కొట్టేసరికి ఏ వరసలో ఉన్నారో గోడ మీద, బొమ్మకి బయట, చిన్న బాణం గుర్తు వేసుకున్నారు. రేపు ఉదయం ప్రార్థనకి ముందే వస్తామన్నారు, గది తాళం తీసి ఉంచమన్నారు.